ఖరగ్‌పూర్ తెలుగువాడు ఏ పుస్తకంలో ఉన్నాడు?

తెలుగు పాఠకలోకానికి ఖరగ్‌పూర్ రెండు వాక్యాల ఊరు. ప్రపంచంలోకెల్లా పొడవైన రైల్వే ప్లాట్‌ఫారం అక్కడ ఉన్నదన్నది ఒక వాక్యం. దేశంలో మొట్టమొదటి ఐఐటీ 1951లో అక్కడ వెలిసిందన్నది రెండో వాక్యం. వీటిలో మొదటిది కూడా ఇప్పుడు చెల్లని నాణెమే. 1,072 మీటర్ల ఆ ప్లాట్‌ఫారాన్ని 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి వెనక్కి నెట్టాయి. పోటీ పరీక్షల గైడ్లు అంకెను సవరించుకుని ముందుకు సాగాయి. ఆ ప్లాట్‌ఫారం మీద, దాని వెనుక వర్క్‌షాపులో, ఆ వర్క్‌షాపు చుట్టూ పరచుకున్న క్వార్టర్లలో శతాబ్దానికి పైగా వినిపిస్తున్న తెలుగు మాటను మాత్రం ఏ గైడూ పట్టించుకోలేదు.

గైడ్లను తప్పుపట్టి లాభం లేదు. అవి పుస్తకాల నీడలు మాత్రమే. అసలు ప్రశ్న పుస్తకాలను అడగాలి. రైల్వేల చరిత్ర మీద, కార్మికోద్యమాల మీద, ఐఐటీల మీద వచ్చిన పేరున్న గ్రంథాలను ఖరగ్‌పూర్ తెలుగు పాఠకుడు ఒకదాని తరువాత ఒకటిగా ముందు వేసుకుని చదివితే అతనికి కలిగే అభిప్రాయం ఏమిటి? విమర్శకులు ఆ గ్రంథాలను ప్రశంసించారు, విశ్వవిద్యాలయాలు పాఠ్యగ్రంథాల జాబితాలో చేర్చాయి. కానీ తాత ఖలాసీగా, తండ్రి ఫిట్టరుగా పనిచేసిన ఇంటి నుంచి వచ్చిన పాఠకుడు వాటిలో వెతికేది వేరు. తన ఇల్లు ఏ పుటలో ఉన్నదా అని అతను వెతుకుతాడు. ఆ వెతుకులాట ఎక్కడికి చేరుతుందో చూస్తే, భారత రాజకీయాల్లో ఎవరు మాట్లాడతారు, ఎవరి గురించి మాట్లాడతారు అన్న విషయం కుండబద్దలు కొట్టినట్టు తేలిపోతుంది.

తెలుగువాడు బెంగాలుకు వెళ్ళిన దారి రహస్యమేమీ కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాలకల్లా ఖరగ్‌పూర్‌ను కూడలిగా, వర్క్‌షాపు నగరంగా మలచింది. తూర్పు తీరపు ఉత్తర భాగం అదే కంపెనీ చేతికి వచ్చింది. అంటే వాల్తేరు, ఖరగ్‌పూర్ ఒకే యజమాని కింద ఉన్న రెండు చివరలు. నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో భూమి చాలని కుటుంబాలకు, కరువు తరిమిన కుటుంబాలకు రంగం ఓడ ఒక దారి అయితే, ఖరగ్‌పూర్ రైలు మరొక దారి అయింది. ఓడ ఎక్కినవాడు సముద్రం దాటాడు కనుక వలసవాది అనిపించుకున్నాడు. రైలు ఎక్కినవాడు దేశంలోనే ఉన్నాడు కనుక ఎవరి లెక్కలోకీ రాలేదు. రంగం మీద పాటలు పుట్టాయి. ఖరగ్‌పూర్ మీద పుట్టినవి పే బిల్లులు.

ఈ ఊరిని తెలుగువారికి దగ్గర చేయగల గ్రంథాల్లో ముందు చెప్పవలసింది వరాహగిరి వెంకటగిరి ఆత్మకథ. 1976లో వెలువడిన ‘మై లైఫ్ అండ్ టైమ్స్’ రాసినాయన బరంపురంలో పుట్టి, ఐర్లండులో చదివి, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మిక సంఘాన్ని నడిపిన నాయకుడు. 1927లో ఖరగ్‌పూర్ రెండుసార్లు కదిలింది. ఫిబ్రవరిలో సమ్మె మొదలై మార్చిలో ముగిసింది. ఉద్యోగాల కోతతో సెప్టెంబరులో మళ్ళీ రాజుకున్న వివాదం డిసెంబరు దాకా సాగింది. అదే ఏడాది జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు గిరి భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. 1937లో బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే ఓడించారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు నిరసనగా 1954లో ఆ పదవిని వదులుకున్నారు. పదవిని గడ్డిపోచగా చూడగలిగిన ఆ రోజు ఆయన జీవితంలో నిజంగా గొప్ప రోజు.

అయినా నాయకుడి ఆత్మకథకు ఒక పరిమితి ఉంది. నాయకుడు ఎక్కడ ఉంటే చరిత్ర అక్కడ ఉంటుంది. ఆయన రైలు దిగినప్పుడు కథ ఊళ్ళోకి వస్తుంది, ఆయన రైలెక్కగానే కథా వెళ్ళిపోతుంది. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా జీతం లేని ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో, దసరా దీపావళులు ఎలా గడిచాయో, శ్రీకాకుళం పల్లెలో మనియార్డరు కోసం ఎదురుచూసిన తల్లిదండ్రులకు ఆ నెలల్లో ఏ కబురు వెళ్ళిందో చర్చల బల్ల ముందు కూర్చున్నవాడికి తెలిసే వీలు లేదు. ఖరగ్‌పూర్ పాఠకుడికి గిరి జీవితం గర్వం కలిగిస్తుంది. కానీ సమ్మె చేసినవారి జీవితానికి అది ప్రత్యామ్నాయం కాలేదు.

ఆ గర్వం కూడా 1974 దగ్గర గొంతుకు అడ్డం పడుతుంది. ఆ ఏడాది మే 8 నుంచి 27 వరకు దేశంలోని రైల్వే కార్మికులు సమ్మె చేశారు. దాదాపు 17 లక్షల మంది పాల్గొన్నారని చెప్పే ఆ సమ్మెను నడిపినవాడు జార్జి ఫెర్నాండెజ్. ఆయన అధ్యక్షుడిగా ఉన్నది అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్‌కు. అది 1924 నాటి సంస్థ, దాని స్థాపకుల్లో గిరి ఒకరు. మీసా కింద, డిఫెన్స్ ఆఫ్ ఇండియా నిబంధనల కింద వేలాదిమందిని జైళ్ళలో పెట్టారు. రైల్వే కాలనీల్లో కుటుంబాలను క్వార్టర్ల నుంచి బయటికి నెట్టారు. ఆ ఇరవై రోజులూ రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది సాక్షాత్తూ వి.వి. గిరి.

రాష్ట్రపతి మంత్రివర్గ సలహా మేరకే నడుచుకోవాలన్నది రాజ్యాంగ ధర్మం. ఆ సమాధానం చట్టానికి సరిపోతుంది. చరిత్రకు సరిపోదు. మంత్రిగా ఉండి మంత్రివర్గ నిర్ణయంతో ఏకీభవించలేనప్పుడు రాజీనామా చేయవచ్చని 1954లో దేశానికి చూపించినవాడే ఆయన. ఇరవై ఏళ్ళ తరువాత, తాను పెంచిన సంఘం మీదనే రాజ్యం విరుచుకుపడినప్పుడు ఆయన పదవిలోనే కొనసాగి ఆగస్టులో పదవీకాలం పూర్తి చేసుకున్నారు. మరుసటి ఏడాది భారతరత్న వచ్చింది. గిరి ఒకరిని బోనులో నిలబెట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. కార్మికుల భుజాల మీద ఎక్కినవారు పైకి వెళ్ళేకొద్దీ ఆ భుజాలు ఎవరివో మరిచిపోయేలా చేసే వ్యవస్థ ఏదో ఉంది. దాన్ని వివరించే పుస్తకం తెలుగు పాఠకుడి చేతిలో ఉండాలి. ఉన్నవి జయంతి వ్యాసాలు, వర్ధంతి వ్యాసాలు.

1974 సమ్మె గురించి ప్రత్యేకంగా రాసినవారిలో స్టీఫెన్ షెర్లాక్ ఒకరు. 2001లో వచ్చిన ఆయన గ్రంథం సంఘాల అంతర్గత రాజకీయాల మీద దృష్టి పెట్టింది. ఫెడరేషన్ల మధ్య పోటీ, గుర్తింపు పొందిన నాయకత్వంతో విసిగి వృత్తుల వారీగా పుట్టుకొచ్చిన సంఘాలు, డ్యూటీ గంటల మీద 1973లో లోకో రన్నింగ్ సిబ్బంది పోరాటం, బోనస్ కోసం డిమాండ్, వీటన్నిటి కలయికగా సమ్మెను చూడాలని అటువంటి అధ్యయనం నేర్పుతుంది. ఒక మహానాయకుడు చిటిక వేస్తే దేశం ఆగిందన్న కథకు ఇది మంచి విరుగుడు. ఓడిన సమ్మెగా ముద్రపడిన ఆ పోరాటం అడిగిన బోనస్, 1979లో ఉత్పాదకత పేరు తగిలించుకుని వచ్చింది. ఈనాడు దసరా ముందు బోనస్ జమ అయినప్పుడు ఆ సొమ్ము వెనుక ఎవరి కొలువులు పోయాయో యువ ఉద్యోగికి చెప్పేవారు లేరు. ఆ లంకెను అతనికి అందజేయవలసినది పుస్తకమే.

షెర్లాక్ చూపు సంఘం మీద ఉంటే, లారా బేర్ చూపు కుటుంబం మీద ఉంది. 2007 నాటి ‘లైన్స్ ఆఫ్ ది నేషన్’ ఖరగ్‌పూర్ రైల్వే కాలనీని దగ్గరనుంచి పరిశీలించిన అరుదైన గ్రంథం. రైల్వే కంపెనీ మనుషులను యూరోపియన్, ఆంగ్లో ఇండియన్, ఇండియన్ అని విడదీసి ఉద్యోగం, జీతం, ఇల్లు, వీధి అన్నిటినీ ఆ విభజన మీద నిర్మించిందని, ఆఫీసు ఫైలు మనిషి వంశాన్ని కూడా నిర్ణయించే అధికారాన్ని సంపాదించిందని ఆమె చూపించారు. బంగళా, క్వార్టరు, బారకు అన్న మెట్లు కేవలం ఇటుకలతో కట్టినవి కావని ఆ పుస్తకం చదివినవారికి అర్థమవుతుంది. స్వాతంత్ర్యం వచ్చాక యూరోపియన్ వెళ్ళిపోయినా వీధుల తరతమ భేదం ఎందుకు పోలేదో కూడా అర్థమవుతుంది.

కానీ ఆ పుస్తకపు గుండె ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో ఉంది. అది రచయిత్రి ఎంచుకున్న పరిధి, అందులో దోషం లేదు. జాన్ మాస్టర్స్ 1954లో రాసిన ‘భవానీ జంక్షన్’ నాటి నుంచి రైల్వే కాలనీ అనగానే ఇంగ్లీషు పాఠకుడికి కనిపించే ముఖం ఆంగ్లో ఇండియన్‌దే. వారు ఇంగ్లీషులో అర్జీలు పెట్టుకున్నారు, ఉత్తరాలు రాసుకున్నారు, ఫోటోలు దాచుకున్నారు. చరిత్రకారులు ఆ కాగితం వెంట నడిచారు. ఖలాసీ తెలుగులో మాట్లాడాడు, వేలిముద్ర వేశాడు, తన అర్జీని ఇంకొకరిచేత ఇంగ్లీషులో రాయించుకున్నాడు. అర్జీలో మిగిలింది గుమాస్తా మర్యాద భాష. అతని కోపం, అతని వెటకారం, అతని సామెత కాగితం దాకా రాలేదు.

కాగితం లేకపోవడం యాదృచ్ఛికమని అనుకునేవారు దీపేశ్ చక్రవర్తి 1989లో ప్రచురించిన గ్రంథం చదవాలి. కలకత్తా జనపనార మిల్లుల కార్మికుల గురించి రాస్తూ ఆయన ఒక మొండి ప్రశ్న వేశారు. వారి జీవన పరిస్థితుల గురించి దస్త్రాలు ఇంత పలచగా ఎందుకున్నాయి? కార్మికుడిని తెలుసుకోవలసిన అవసరం యజమానికి లేదు, తెలుసుకుని తీరాలన్న పట్టుదల ప్రభుత్వానికి లేదు, కనుక కాగితం పుట్టలేదు. దస్త్రాల నిశ్శబ్దాన్నే అధికార స్వరూపానికి సాక్ష్యంగా చదవాలని ఆ విశ్లేషణ నేర్పుతుంది. ఖరగ్‌పూర్ తెలుగు పాఠకుడికి ఈ కొలబద్ద అక్కరకు వస్తుంది. కంపెనీకి కావలసింది చేతులు కనుక చేతులను లెక్కపెట్టింది. ఆ తరువాత పార్టీలకు కావలసింది ఓట్లు కనుక ఓట్లను లెక్కపెట్టాయి. భాషను లెక్కపెట్టవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

ఇదే ఊళ్ళో పట్టాలకు అవతల మరో ఖరగ్‌పూర్ ఉంది. దాని మీద పుస్తకాలకు కొదవ లేదు. 1931 సెప్టెంబరు 16న హిజ్లీ నిర్బంధ శిబిరంలో పోలీసు కాల్పులకు సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా బలయ్యారు. రవీంద్రనాథ్ ఠాగూర్ బహిరంగంగా నిరసన తెలిపారు. సుభాస్ చంద్ర బోస్ స్వయంగా అక్కడికి వచ్చారు. ఆ శిబిర భవనంలోనే ఇరవై ఏళ్ళకు ఐఐటీ మొదలైంది. ఆ సంస్థ పూర్వ విద్యార్థి సందీపన్ దేబ్ 2004లో రాసిన ‘ది ఐఐటియన్స్’ ఒక తరం ఆత్మవిశ్వాసానికి ప్రతిబింబం. ప్రవేశ పరీక్ష గెలిచినవాడు ప్రపంచాన్ని గెలుస్తాడన్న ఉత్సాహం దాని ఊపిరి. దానికి అవసరమైన ఎదురు పుట 2019లో అజంతా సుబ్రమణ్యన్ ‘ది కాస్ట్ ఆఫ్ మెరిట్’ రూపంలో వచ్చింది. ప్రధానంగా మద్రాసు ఐఐటీని పరిశీలించిన ఆ గ్రంథం, తరతరాల కులాధిక్యం ప్రతిభ అన్న పేరు కింద ఎలా వేషం మార్చుకుంటుందో చెబుతుంది.

ఈ రెండు పుస్తకాలనూ ఖరగ్‌పూర్‌లో చదివితే మూడో విషయం ఒకటి కళ్ళకు కడుతుంది. ఈ ఊళ్ళో తెలుగువారు రెండు రకాలు. ఒకరు హైదరాబాదు, విజయవాడ కోచింగు సంస్థల నుంచి ర్యాంకు తెచ్చుకుని నాలుగేళ్ళు చదువుకుని వెళ్ళిపోయేవారు. మరొకరు నాలుగు తరాలుగా బండ్లను మరమ్మతు చేస్తున్నవారు. మొదటివాడి ఫోటో తెలుగు పత్రికల మొదటి పేజీలో ప్రకటనగా వస్తుంది. రెండోవాడి ప్రస్తావన ఎన్నికల వార్తలో ‘తెలుగు ఓటర్లు’ అన్న రెండు మాటల్లో ముగుస్తుంది. ఇద్దరూ దిగే స్టేషను ఒకటే. మొదటివాడు ప్రవాసాంధ్రుడు అయ్యే దారిలో ఉన్నాడు. రెండోవాడు ఎప్పటినుంచో ప్రవాసాంధ్రుడే అయినా ఆ పేరుతో అతన్ని పిలిచినవారు లేరు.

ఇక్కడ నేరం ఇంగ్లీషు పుస్తకాల మీద మోపడం సులువు. నిజానికి ఎక్కడో ఉన్న పరిశోధకులు వచ్చి ఏళ్ళ తరబడి ఫైళ్ళు తిరగేశారు, ఇళ్ళల్లో కూర్చున్నారు, విన్నారు. తెలుగు మేధావి వర్గం ఏం చేసింది? సముద్రాల అవతల అమెరికాలో తెలుగువారి జీవితం కథలుగా వచ్చింది, సంకలనాలుగా వచ్చింది. వంగూరి ఫౌండేషన్ వంటి సంస్థలు దశాబ్దాలుగా ఆ పని చేస్తున్నాయి. తమ జీవితాన్ని తామే అచ్చు వేసుకున్నందుకు వారిని అభినందించాలి. ప్రశ్న వారిని అడగవలసినది కాదు. కొలంబస్ నగరంలో తెలుగువాడి ఒంటరితనం మీద సభలు పెట్టే తెలుగు సాహిత్య ప్రపంచం, హౌరా బండిలో ఒక రాత్రి దూరంలో ఉన్న ఊరి మీద ఎన్ని సభలు పెట్టింది? తెలుగు కథకు ప్రపంచ వేదిక మీద గుర్తింపు తెచ్చిన పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’లో రైలు ఉంది, స్టేషను ఉంది, తుపాను ఉంది. అది ప్రయాణికుడి కథ. రైలును నడిపే, నిలిపే, బాగుచేసే చేతుల కథ ఆ స్థాయిలో ఎన్నిసార్లు చర్చకు వచ్చింది?

ఉత్తరాంధ్ర సాహిత్యానికి ఈ బాధ్యత మరింత ఎక్కువ. ‘యజ్ఞం’ రాసిన కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో 1997లో కథానిలయం నెలకొల్పి తెలుగు కథలన్నిటికీ ఒక ఇల్లు కట్టారు. అప్పు మనిషిని ఎలా మింగుతుందో ఆ నేల మీద నిలబడి చెప్పిన రచయిత ఆయన. ఆ అప్పు నుంచి తప్పించుకోవడానికి రైలెక్కినవాడి తరువాతి కథ ఏమిటన్నది ఆ వారసత్వం అందుకున్నవారు తేల్చవలసిన లెక్క. పల్లెను రాసి, పల్లె వదిలినవాడిని రాయకపోతే కథ సగంలో ఆగినట్టే.

దీనికి ఎదురయ్యే వాదాలు తెలిసినవే. ఖరగ్‌పూర్ తెలుగువారు బెంగాలీ, హిందీ కలిపి మాట్లాడతారు, వారిది స్వచ్ఛమైన తెలుగు కాదని ఒక వాదం. భాష కల్తీ అయిందని చెప్పి మనిషిని వదిలేసేవారు హైదరాబాదు ఆఫీసుల్లో మాట్లాడే తెలుగును ఏ తూకంతో తూస్తారో చెప్పాలి. అవసరం కొద్దీ నాలుగు భాషలు నేర్చి, ఇంట్లో అయిదోదిగా అమ్మ భాషను నిలబెట్టుకున్నవాడిని మెచ్చుకోవాలి. అక్కడ చదివేవారు ఎందరు, పుస్తకం వేస్తే కొనేవారు ఎందరు అన్నది రెండో వాదం. బడి లేనిచోట అక్షరం ఉండదు, అక్షరం లేనిచోట పాఠకుడు ఉండడు. బావి పూడ్చినవాడే ఊళ్ళో ఎవరూ నీళ్ళు తోడుకోవడం లేదని ఫిర్యాదు చేయడం వంటిది ఈ వాదం. కార్మికులు రాయరు, వారికి తీరిక ఉండదన్నది మూడో వాదం. రైల్వే కార్మికుడంత ఎక్కువగా కాగితంతో బతికేవాడు మరొకడు ఉండడు. పాసు, మెమో, డ్యూటీ కార్డు, సంఘం కరపత్రం, గుడి కమిటీ జమాఖర్చుల పుస్తకం, పెళ్ళి శుభలేఖ, ఊరి నుంచి వచ్చిన ఇన్‌లాండ్ కవరు, ఇవన్నీ రచనలే. వాటిని చదవగలిగిన పాఠకుడు రావడమే ఆలస్యం.

ఇక రాజకీయానికి వస్తే, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా ఇవ్వాలని నిర్ణయించింది. శాసనసభ ఎన్నికలు అప్పటికి నాలుగు నెలల దూరంలో ఉన్నాయి. ఖరగ్‌పూర్ సదర్ నియోజకవర్గం ఏళ్ళ తరబడి కాంగ్రెస్‌కు చెందిన జ్ఞాన్ సింగ్ సోహన్‌పాల్‌ను గెలిపించింది. 2016లో బీజేపీ అభ్యర్థి దిలీప్ ఘోష్‌కు, 2019 ఉప ఎన్నికలో తృణమూల్‌కు, 2021లో మళ్ళీ బీజేపీకి మారింది. ఇంత ఊగిసలాడే సీటులో తెలుగు ఓటు విలువ ఎంతో లెక్క వేయడానికి ఏ పార్టీకీ పండితులు అక్కరలేదు. గుర్తింపు ఆ లెక్కలోనుంచే పుట్టినా తిరస్కరించవలసిన పని లేదు, హక్కు ఏ దారిన వచ్చినా హక్కే. కానీ గెజిట్‌లో భాష ఉన్నంతమాత్రాన బడిసంచిలోకి పుస్తకం రాదు. హోదా ఇచ్చిన పార్టీ ఆ తరువాత ఎన్ని బడుల్లో తెలుగు ఉపాధ్యాయుడిని నియమించిందో చెప్పాలి. ఆ సీటు గెలిచిన పార్టీ, రైల్వే శాఖ తన చేతిలోనే ఉన్న పార్టీ, రైల్వే బడుల్లో, రైల్వే సంస్థల గ్రంథాలయాల్లో తెలుగుకు ఏం చేసిందో చెప్పాలి. మూడున్నర దశాబ్దాలు రాష్ట్రాన్ని ఏలిన వామపక్షం, కార్మికుడి పేరు మీదనే ఏలిన వామపక్షం, ఆ కార్మికుడి అమ్మ భాష తన ఏలుబడిలో ఎందుకు గుర్తుకు రాలేదో చెప్పాలి.

భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రం కృషి చేయాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. 1956లో, రాష్ట్రాల పునర్విభజన వేళ, ఏడో సవరణతో అది వచ్చింది. సరిహద్దులు భాష ప్రకారం గీసినప్పుడు గీతకు అవతల మిగిలిపోయేవారి కోసం ఇచ్చిన మాట అది. వారి రక్షణకు ప్రత్యేక అధికారి ఉండాలని 350బి చెప్పింది. ఈ రెండు అధికరణాలను అడ్డం పెట్టుకుని పోరాడవలసిన తెలుగు రాజ్యాలు ఏం చేస్తున్నాయో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన బడుల్లో తెలుగు మాధ్యమాన్ని తప్పించి ఇంగ్లీషు తెస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసింది. అదే సంవత్సరం డిసెంబరులో కోల్‌కతా తెలుగును గుర్తించింది. ఇంటివాడు గెంటిన భాషకు పొరుగువాడు పీట వేశాడు. ఆ పీట ఓటు కోసమే వేశాడని ఎగతాళి చేసే అర్హత ఇంటివాడికి ఉందా?

ఇంగ్లీషు కావాలన్న పేదవాడి ఆరాటాన్ని ఇక్కడ ఎవరూ తక్కువ చేయరాదు. ఖరగ్‌పూర్ ఖలాసీ కొడుకుకు ఇంగ్లీషు వస్తే గుమాస్తా అయ్యాడు, రాకపోతే ఖలాసీగానే మిగిలాడు. ఆ పాఠం అతని ఇంటికి వేరొకరు చెప్పనక్కరలేదు. కానీ ఇంగ్లీషు నేర్చిన మనవడు నేడు లారా బేర్ పుస్తకాన్ని మూలంలో చదివి, అందులో తన తాత లేడని గుర్తించి, తాత భాషలో ఆ ఖాళీని పూరించాలనుకుంటే చేతిలో లిపి లేదు. ఒక భాష వచ్చి ఇంకొక భాష పోయినప్పుడు జరిగే నష్టం జీతం పట్టీలో కనిపించదు.

ఇది తీరిగ్గా చర్చించుకోవలసిన విషయమైతే ఇంత వేడి అవసరం లేదు. 1974లో ఇరవై రెండేళ్ళ వయసులో సమ్మెకు దిగి, క్వార్టరు నుంచి సామాన్లతో సహా రోడ్డున పడ్డ ఫిట్టర్ ఇప్పుడు డెబ్బై దాటినవాడు. 1927 గురించి తండ్రి నోట విన్నవాడు అంతకంటే పెద్దవాడు. రిటైరైనవారు క్వార్టరు ఖాళీ చేస్తారు, ఖాళీ చేసేటప్పుడు పాత కాగితాలు చిత్తుగా అమ్ముతారు. ఒక్కొక్క ఇల్లు ఖాళీ అవుతున్నకొద్దీ ఒక్కొక్క అధ్యాయం తూకానికి పోతోంది.

చేయవలసిన పని కొండను తవ్వడమంత పెద్దది కాదు. ఖరగ్‌పూర్‌లో దేశంలోని మొదటి ఐఐటీ ఉంది, పక్కనే మేదినీపూర్‌లో విద్యాసాగర్ విశ్వవిద్యాలయం ఉంది. శ్రీకాకుళంలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం, కథానిలయం ఉన్నాయి. రైలు మార్గానికి రెండు చివర్లలో ఉన్న ఈ సంస్థలు చేతులు కలిపితే వృద్ధుల మాటలను రికార్డు చేయవచ్చు, కాగితాలను స్కాన్ చేయవచ్చు, గిరి ఆత్మకథను, షెర్లాక్, బేర్, చక్రవర్తి గ్రంథాలను కార్మికుడి ఇంట్లో తెలుగులో చదివే ఏర్పాటు చేయవచ్చు. ఏటా భాషా దినోత్సవాలకు దండలు కొనే ప్రభుత్వాలు ఆ దండల ఖర్చుతో మొదలుపెట్టగల పని ఇది. ఖరగ్‌పూర్ తెలుగు సంఘాలు కూడా ఎన్నికల సభకు జనాన్ని సమకూర్చేముందు వేదిక మీదికి వచ్చే నాయకుడిని ఒక్క ప్రశ్న అడగాలి: తెలుగు బడికి ఉపాధ్యాయుడు ఎప్పుడు వస్తాడు, గ్రంథాలయానికి పుస్తకాలు ఎప్పుడు వస్తాయి?

పుస్తకంలో లేనివాడు బడ్జెట్‌లో ఉండడు. పాఠ్యాంశంలో లేనివాడు ప్రణాళికలో ఉండడు. అతని కోసం అయిదేళ్ళకొకసారి తెరిచే పుస్తకం ఓటర్ల జాబితా ఒక్కటే. ఆ జాబితాలోనైనా అతని పేరు వేరే లిపిలో, వేరే ఉచ్చారణతో, ఎవరో విని రాసిన అక్షరదోషాలతో ఉంటుంది. సొంత అక్షరాలతో తన పేరు తాను రాసుకునే పుస్తకం వచ్చిననాడే ఖరగ్‌పూర్ తెలుగువాడికి దక్కిన హోదా కాగితం దాటి నేల మీద కాలు మోపుతుంది.